బ్యాండికూట్ చేసుకో అంటే తవ్వుకోమనా, దొంగతనం చేయమనా?

హన్మకొండ సారు:
అందరికీ నమస్తే. 22 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నవాణ్ణి, ఇక్కడికి వచ్చి ఒక ఇంగ్లీషు మాటకు అర్థం అడగాలంటే కొంచెం నామోషీగానే ఉంది. అయినా అడుగుతున్నా. మా చెల్లె కూతురు ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో, హోబార్ట్‌లో చదువుకుంటోంది. ఒక పెద్దామె ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటుంది. ఆ పెద్దామె మొన్న వారం రోజుల కోసం కూతురింటికి పోతూ ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించి పోయిందట. మొక్కలకు నీళ్లు పొయ్యి, పిల్లికి తిండి పెట్టు, వండుకోవడానికి ఏమీ లేకపోతే వెనక పెరట్లో నాలుగు స్పడ్స్ బ్యాండికూట్ చేసుకో అని. స్పడ్స్ అంటే ఆలుగడ్డలు, అంతవరకు పిల్లకు తెలుసు. బ్యాండికూట్ ఏంటో తెలియక ఫోన్‌లో వెతికితే ముందు ముక్కు పొడుగ్గా ఉన్న ఒక జంతువు బొమ్మ వచ్చింది, ఇంకొంచెం కిందికి పోతే క్రియగా వాడితే ఆలుగడ్డలు దొంగిలించడం అని వచ్చింది. ఇక చూడండి దానికి టెన్షన్. మామా, ఆమె నన్ను తీసుకోమంటోందా, లేక ఇంతకుముందు ఏమైనా పోయాయని నన్ను ఎత్తిపొడుస్తోందా అని రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఫోటో పెట్టింది. అక్కడ అప్పటికి ఇంకా తెల్లవారి కూడా ఉండదు, పాపం నిద్ర మానుకుని అదే పనిగా కూర్చుంది.

నా దగ్గరున్న రెండు డిక్షనరీల్లో జంతువు అనే అర్థం ఒక్కటే ఉంది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి, ఆ మాట ఎప్పుడు మంచిది, ఎప్పుడు చెడ్డది? అప్పటిదాకా పిల్లను బియ్యం, పప్పుతో సరిపెట్టుకోమన్నాను.

జగిత్యాల పిల్ల:
సార్, మా అన్న చిన్నప్పుడు ప్లేస్టేషన్‌లో ఆడిన క్రాష్ బ్యాండికూట్ అదే కదా? నారింజ రంగులో ఉంటుంది, డబ్బాలు పగలగొట్టుకుంటూ ఉరుకుతుంది. 1996 నాటి గేమ్. అందులో ఆలుగడ్డలైతే దొంగిలించలేదు, పండ్లు ఏరుకున్నట్టు గుర్తు.

కాజీపేట జంక్షన్:
సార్, ఒక్కసారి గట్టిగా పలకండి. బ్యాండికూట్. బండికూటు. బండికొకు. పందికొక్కు.
వచ్చిందా?

ఓరుగల్లు కోట:
మళ్లీ మొదలైంది. ప్రపంచంలో ప్రతి మాటా తెలుగు నుంచే పుట్టిందని చెప్పేవాళ్లు ఈ గ్రూపులో నెలకు ఒకరు దొరుకుతారు. పోయిన నెల ఒకాయన లండన్ కూడా తెలుగే అన్నాడు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టం కాదు. ఆస్ట్రేలియా జంతువుకు ఇక్కడి పందికొక్కుకు ఏం సంబంధం? అది కడుపుకు సంచి ఉన్న జంతువు, కంగారూ వైపుది. మనది ఎలుక. ఆధారం ఉంటే పెట్టండి, లేకపోతే సారు అడిగిన దానికి జవాబు చెప్పనివ్వండి.

కాజీపేట జంక్షన్:
కోపం దేనికి అన్నా, లండన్ విషయంలో నేను నీ వైపే. కానీ ఇది ఊహ కాదు. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు హాబ్సన్ జాబ్సన్ అని ఒక పెద్ద నిఘంటువు వేశారు, ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్ల నోట నలిగిన దేశీ మాటలన్నీ అందులో ఉంటాయి. బ్యాండికూట్ దగ్గర అది తెలుగు పందికొక్కు నుంచి వచ్చిన మాట అని, పంది ఎలుక అని దాని అర్థమని స్పష్టంగా రాశారు. ఇప్పటి పెద్ద ఇంగ్లీషు నిఘంటువులు కూడా తెలుగు అనే చెప్తాయి. వాళ్లు చెప్పారని నమ్మనక్కర్లేదు, మనమే చుట్టుపక్కల భాషలు చూసుకోవచ్చు. ఇదే జంతువును తమిళంలో పెరుచ్చాళి అంటారు, కన్నడంలో హెగ్గణ, హిందీలో ఘూస్. వీటిలో దేన్నుంచీ బ్యాండికూట్ రాదు. మిగిలింది మనదే. ఈస్టిండియా కంపెనీవాళ్లు 1611లోనే మచిలీపట్నంలో సరుకు కొట్లు పెట్టుకుని కూర్చున్నారు, సరుకు కొట్లు ఉన్నచోట ముందు పరిచయం అయ్యేది ఎవరు మరి?

శాస్త్రవేత్తలు కూడా ఈ పేరునే పట్టుకున్నారు. గ్రే అనే ఆయన 1873లో ఈ ఎలుకల ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టాడు. పెద్ద పందికొక్కు బాండికోటా ఇండికా, పొలాల్లో ఉండే చిన్నది బాండికోటా బెంగాలెన్సిస్. అంటే మన ఊళ్లో ముసలమ్మ చీపురు పట్టుకుని తరిమే పందికొక్కు లాటిన్ వేషం వేసుకుని ప్రపంచమంతా తిరుగుతోంది.

ఇక సంచి జంతువుకు ఆ పేరెలా పోయిందంటే, మాటను మోసుకుపోయింది ఇంగ్లీషువాళ్లే. ఇండియాలో అప్పటికే వాళ్లకు బ్యాండికూట్ అంటే నేల తవ్వే పెద్ద ఎలుక అని అలవాటు. ఆస్ట్రేలియాకు పోయాక అక్కడ ఇంచుమించు అంతే ఉండి, మూతి పొడుగ్గా ఉండి, రాత్రిపూట నేల తవ్వే జంతువు కనిపించింది. కొత్త పేరు వెతికే ఓపిక లేక పాత పేరే తగిలించేశారు. జార్జ్ బాస్ అనే అన్వేషకుడు 1799లో అలా రాశాడని చెప్తారు. కాబట్టి ఓరుగల్లు కోట అన్న చెప్పింది కూడా నిజమే, రెండు జంతువులకూ చుట్టరికం లేదు. పేరు ఒక్కటే అద్దెకు పోయింది.

నాకు బాగా నచ్చిన ముచ్చట ఇంకోటి ఉంది. అక్కడ ఒకప్పుడు పంది కాళ్ల బ్యాండికూట్ అనే రకం ఉండేది, ముందు కాళ్లకు పంది గిట్టల్లాంటివి ఉండేవి, ఇప్పుడు అంతరించిపోయింది. ఆ పేరును మనం విప్పి చదివితే పంది కాళ్ల పంది కొక్కు. రెండు పందులు. పెట్టినవాడికి మాత్రం ఒక్కటే పంది కనిపించింది. దాని శాస్త్రీయ నామంలో తోక లేనిది అని కూడా ఉంటుంది. నిజానికి దానికి తోక ఉంది, మొదట దొరికిన జంతువుకు ఎక్కడో ఊడిపోయిందంతే.

ఓరుగల్లు కోట:
సరే, పెరుచ్చాళి, హెగ్గణ మాట బాగుంది. ఒప్పుకున్నా. ఘూస్ అంటే హిందీలో లంచం కూడా కదా? ఎలుక, లంచం రెండింటికీ ఒకే పేరు పెట్టినవాడికి దండం.

మానేరు ఒడ్డు:
నేను కరీంనగర్, 11 ఏళ్లుగా మెల్‌బోర్న్ పక్కన ఉంటున్నా. సారు అడిగిన దానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా.

ముందు పిల్లకు చెప్పండి, టెన్షన్ వద్దు, ఆమె తీసుకోమనే చెప్పింది, పైగా ప్రేమగా చెప్పింది. మా వాడలో అందరూ కలిసి కూరగాయలు పండించుకునే తోట ఒకటి ఉంది, ఒక్కో కుటుంబానికి ఒక మడి. నేను గోంగూర, మిర్చి వేస్తా. నా పక్క మడి ఒక ముసలాయనది, ఆయన దగ్గరే ఈ మాట నేను మొదట విన్నా. ఒకరోజు మోకాళ్ల మీద కూర్చుని ఆలుగడ్డ మొక్క పక్కన మట్టిలో మోచేయి దాకా చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ఉన్నాడు. ఏమైందోనని భయపడి దగ్గరికి పోతే, బ్యాండికూటింగ్ అన్నాడు.

పని ఏంటంటే, ఆలుగడ్డ మొక్క పూత అయిపోయే సమయానికి కింద కొన్ని గడ్డలు కోడిగుడ్డంత అవుతాయి. అప్పుడే మొక్కను పీకితే చిన్నవన్నీ దండుగ. అందుకని మొదలుకు కొంచెం దూరం నుంచి పక్కగా చెయ్యి పోనిచ్చి, వేళ్లతో తడుముకుంటూ తినేంత సైజు ఉన్నవి రెండో మూడో తెంపుకుని, మట్టి మళ్లీ కప్పి, అదిమి, కాసిన్ని నీళ్లు పోస్తారు. మొక్కకు ఏం జరిగిందో తెలియదు, మిగిలిన గడ్డలు పెరుగుతూనే ఉంటాయి. ఇది బ్యాండికూట్ చేయడం. ఉల్లిగడ్డను, ముల్లంగిని ఇలా చేయలేం, ఎందుకంటే అక్కడ ఒక మొక్కకు ఒకటే గడ్డ, తీస్తే మొక్కే పోతుంది. ఒక మొక్క కింద నాలుగైదు కాసేవాటికే ఈ మాట, అందులోనూ ఎక్కువగా ఆలుగడ్డకే.

దొంగతనం అని డిక్షనరీలో ఉన్నది కూడా అబద్ధం కాదు. 19వ శతాబ్దం చివర్లో ఈ క్రియ పుట్టినప్పుడు అర్థం అదే, పరాయి చేనులో పైన ఆకు కదలకుండా కింద గడ్డలు లాగేయడం. రైతు పొద్దున వచ్చి చూస్తే చేను నిండుగానే ఉంటుంది, తవ్వే రోజు వచ్చేదాకా పోయినట్టే తెలియదు. ఇప్పుడు పెరటి తోటలవాళ్లు సొంత మొక్కల విషయంలో వాడుతూ వాడుతూ దాన్ని సాధువును చేశారు. ఎవరి పెరడు, ఎవరు చెప్తున్నారు అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. ఇంటామె తన పెరట్లో తనే చేసుకోమంటే అది ఆతిథ్యం. పక్కింటి ఆయన నా ఆలుగడ్డలు ఎవరో బ్యాండికూట్ చేశారు అంటే మాత్రం అది పంచాయితీ. ఇంకో మాట, ఇది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లోనే చెల్లుతుంది, లండన్‌లో, అమెరికాలో వాడితే మొహం చూస్తారు. మీ ఇంటర్ పిల్లలు పరీక్షలో మాత్రం రాయకుండా చూసుకోండి సార్.

నామవాచకంగా కూడా సామెతల్లో వినిపిస్తుంది, ముసలివాళ్ల నోట. బ్యాండికూట్ లాగా దిగాలుగా ఉన్నాడు అంటారు, బ్యాండికూట్ లాగా బీదవాడు అంటారు, కాలిపోయిన గుట్ట మీద బ్యాండికూట్ అంటే దిక్కూ మొక్కూ లేక ఒంటరిగా మిగిలినవాడు. ఎవరైనా ఆ మాట అంటే తిట్టు అనుకోకండి, జాలి.

హన్మకొండ సారు:
ప్రాణం లేచొచ్చింది. పిల్లకు మీ పోస్టు యథాతథంగా పంపాను. చేతులకు గ్లౌజులు తొడుక్కోమని నా వంతు సలహా కూడా జోడించాను, మేనమామను కదా.

కానీ ఇప్పుడు నాకు వేరే దురద పుట్టింది. మనం ఒకణ్ణి పందికొక్కు అంటే అర్థం ఒక్కటే, తిండిబోతు. పందికొక్కులా మెక్కుతున్నాడు అంటాం, ఎన్నికలప్పుడు ప్రతి పార్టీవాడూ అవతలి పార్టీవాణ్ణి పందికొక్కుల్లా మెక్కారు అంటాడు. మన కంటికి దాని పొట్ట కనిపించింది. అదే మాట సముద్రం దాటాక వాళ్లకు దాని చెయ్యి కనిపించింది, ఎంత నైపుణ్యంగా తీస్తుందో అన్నది. కాబట్టి ఆ క్రియను తెలుగులోకి తేవాలంటే పందికొక్కును వాడటానికి వీల్లేదని నాకనిపిస్తోంది, తెలుగువాడికి వెంటనే పొట్టే గుర్తొస్తుంది. రేపు క్లాసులో ఇదే చెప్దామనుకుంటున్నా. ఎవరికైనా అభ్యంతరమా?

పాకాల నీళ్లు:
ఉంది సార్, నాకు అభ్యంతరం ఉంది. ఇన్నాళ్లూ చదివి ఊరుకునేవాణ్ణి, ఇవ్వాళ రాయక తప్పడం లేదు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను, నర్సంపేట చుట్టుపక్కల ఊళ్లలో పొలాల ఒడ్ల మీద నడిచి నడిచి చెప్పులు అరగదీసినవాణ్ణి. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రం, పందికొక్కు మాత్రం బాగా తెలుసు.

మనకు దాని పొట్ట ఒక్కటే కనిపించింది అన్నారు. గాదె కింద పందికొక్కు అనే మాట మర్చిపోయారా? గాదె లోపల కూర్చుని తినే పందికొక్కు అనలేదు చూడండి, గాదె కింద అన్నారు. వెదురు తడికెతో అల్లి పేడతో అలికిన గాదెను పైనుంచి చూస్తే వడ్లు నిండుగానే ఉంటాయి, మూత తీసి చూసినా నిండుగానే ఉంటాయి. అది నేలలో నుంచి బొరియ వేసుకుని వచ్చి అడుగున తొలుచుకుంటూ పోతుంది. ఒకరోజు పైన వడ్లు గుంటలాగా కుంగుతాయి, అప్పుడు తెలుస్తుంది ఇంటివాళ్లకు. ఇంట్లో ఉండి, ఇంటి తిండి తింటూ, పైకి ఏమీ తెలియనీయకుండా లోపల గుల్ల చేసేవాణ్ణి మనం అలా అంటాం. మానేరు ఒడ్డు గారు చెప్పిన ఆస్ట్రేలియా దొంగకు దీనికి తేడా ఏముంది? పైన ఆకు పచ్చగా, కింద ఖాళీ. పైన వడ్లు నిండుగా, కింద ఖాళీ. వాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, అది మన దగ్గర సామెతగా ముందే ఉంది, వాళ్ల దగ్గర క్రియ అయింది, అంతే.

చేనులో కూడా చూశాను. పల్లికాయ ఊరే రోజుల్లో ఒక రైతు వచ్చి, సార్ అక్కడక్కడా మొక్కలు వడలిపోతున్నాయి, వేరుకుళ్లు తెగులా అని అడిగాడు. పోయి మొక్క పట్టుకుంటే చెయ్యి ఆనగానే పైకి వచ్చేసింది, కింద ఒక్క కాయ లేదు. పక్కన ఒడ్డుకు బొరియ, బొరియ ముందు గుల్ల మట్టి కుప్ప. ఆ కుప్ప చూస్తే చాలు, చిన్న పందికొక్కు అని చెప్పేయొచ్చు. అది లోపలి నుంచి మట్టి తోసి ద్వారం మూసుకుంటుంది కూడా, అందుకే కొత్తవాడు బొరియ ఉందని కనుక్కోలేడు. మా కుర్ర ఉద్యోగులకు మేం నేర్పేది అదే, సాయంత్రం కనిపించిన బొరియలన్నీ మట్టితో మూసేసి రండి, పొద్దున ఏవి మళ్లీ తెరుచుకుంటే వాటిలో అది ఉన్నట్టు, వాటిలోనే మందు పెట్టండి అని. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి, చిన్న పొట్లాలు కట్టి, బొరియకు ఒకటి. ఒక్క రైతు పెడితే లాభం లేదు, అది పక్క పొలంలోకి పోయి నవ్వుతుంది, ఊరంతా ఒకే రోజు పెట్టాలి. ఈ చివరి మాట చెప్పి చెప్పి నా గొంతు పోయింది, వినేవాళ్లు తక్కువ.

వరిలో దాని పని వేరు, పొట్ట దశలో పిలకలను ఏటవాలుగా కోస్తుంది, ఈనాక కంకులు కోసి బొరియలోకి ఈడ్చుకుపోయి దాచుకుంటుంది. కోతలు అయ్యాక ఆ బొరియలు తవ్వి కంకులు తీసుకునేవాళ్లను చూశాను, ఒక్కో బొరియలో మంచి వడ్లే దొరికేవి. ఇప్పుడు చెప్పండి సార్, పందికొక్కు దాచుకున్నది మనిషి తవ్వి తీసుకుంటే అక్కడ బ్యాండికూట్ ఎవరు?

పేరు సంగతి ఒకటి. పంది ఎలుక అని ఎందుకన్నారంటే ఒంటి లావు ఒక్కటే కాదు. పెద్దది కిలో దాకా తూగుతుంది, నిజమే, కానీ బోనులో పడ్డాక దగ్గరికి పోతే అచ్చం పందిలాగా గురగురమంటుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటుంది. పేరు పెట్టిన తెలుగువాడు దాన్ని చూసి, విని పెట్టాడు. ఆస్ట్రేలియావాళ్లు పుస్తకంలో పేరు తీసి అతికించారు.

ఓరుగల్లు కోట:
పాకాల గారూ, గాదె సామెతతో నోరు మూయించారు. కానీ ఒక చిన్న తేడా ఉండనే ఉంది. గాదె కింది పందికొక్కు చివరికి గాదెను కూలుస్తుంది. ఆలుగడ్డ బ్యాండికూట్ చేసినవాడు మొక్కను బతకనిస్తాడు, మళ్లీ వారం తర్వాత వచ్చి ఇంకో రెండు తీసుకుంటాడు. అది దోపిడీ కాదు, వాయిదాల పద్ధతి. పెరటి అర్థాన్ని తెలుగులో చెప్పాలంటే సామెత పనికిరాదు, సామెతలో విషం ఉంది. సారు క్లాసులో చెప్పేటప్పుడు దొంగ అర్థానికి గాదె సామెత, మంచి అర్థానికి వేరే మాట చెప్పాలి. ఆ వేరే మాట ఏంటి?

జగిత్యాల పిల్ల:
మా నానమ్మ దగ్గర ఉంది ఆ మాట. దేవులాడుడు. శివరాత్రి ఉపవాసానికి కందగడ్డలు, అదే చిలగడదుంపలు, ఉడకబెడతారు కదా, మా పెరట్లో నాలుగు తీగలు ఉండేవి. తీగ ఎత్తి పక్కన పెట్టి, నేల పగిలినచోట చెయ్యి పెట్టి దేవులాడి, లావువి తీసి, తీగ మళ్లీ అక్కడే పరిచేది. పెద్ద తవ్వకం ఆ తర్వాత ఎప్పుడో. నేల పగులు చూసి కింద గడ్డ ఎంత ఉందో చెప్పేది, ఒక్కసారి కూడా తప్పలేదు. మేం పిల్లలం మాత్రం పక్కింటివాళ్ల తీగల దగ్గర అదే పని చేసేవాళ్లం, మట్టి కప్పి, పైన ఎండాకులు చల్లి మరీ వచ్చేవాళ్లం. అప్పుడు మా నానమ్మ చేసింది దేవులాడుడు, మేం చేసింది గాదె కింద పందికొక్కు. ఇంగ్లీషువాళ్లకు రెండూ ఒకటే మాట, పాపం.

కాజీపేట జంక్షన్:
దేవులాడి తీసుకో. ఆ చీటీకి ఇంతకంటే మంచి తెలుగు రాదు. నాలుగు ఆలుగడ్డలు దేవులాడి తీసుకో బిడ్డా అని రాసిందనుకోండి ఆ పెద్దామె, ఇంత గోల ఉండేది కాదు. బయటివాళ్లకు వెతకడం అనే అర్థమే తెలుసేమో, మన దగ్గర చీకట్లో, నీళ్లలో, మట్టిలో చేత్తో తడిమి వెతికే దానికీ అదే మాట.

ఇంకోటి, అనువాదాలు చేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక విన్నపం. ఆస్ట్రేలియా జంతువుల మీద రాసేటప్పుడు బ్యాండికూట్‌ను పందికొక్కు అని వెనక్కి తిప్పకండి. ఒక పిల్లల పత్రికలో ఆస్ట్రేలియాలో పందికొక్కులను కాపాడుకుంటున్నారు అని చదివి మా నాన్న వారం రోజులు నవ్వాడు. అక్కడ విక్టోరియా రాష్ట్రంలో చారల బ్యాండికూట్ ఒకటి అడవిలో పూర్తిగా లేకుండా పోతే, కంచెలు కట్టి, నక్కలు రాని దీవుల్లో వదిలి, పెంచి పెంచి 2021లో 'అడవిలో అంతరించినవి' అనే జాబితా నుంచి బయటికి తెచ్చారు. చాలా పెద్ద పని. తెలుగులో చదివితే మాత్రం మతి పోయినవాళ్లు చేసిన పనిలాగా ఉంటుంది. మాట మనదే అయినా తిరిగి వచ్చేటప్పుడు వేరే జంతువును వెంటబెట్టుకుని వచ్చింది, కాబట్టి దాన్ని బ్యాండికూట్ అనే అనాలి.

మానేరు ఒడ్డు:
నిజం. ఆ సంచి సంగతి కూడా చెప్పాలి. కంగారూ సంచి పైకి తెరుచుకుంటుంది కదా, బ్యాండికూట్ సంచి వెనక్కి తెరుచుకుంటుంది. ముందు కాళ్లతో తవ్వుతున్నప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. కడుపులో పిల్ల ఉండేది కూడా పన్నెండు, పదమూడు రోజులే, మిగతా పెరుగుదల అంతా ఆ సంచిలోనే. ఎలుకకు ఇవేవీ లేవు.

కేరళలో 2018లో మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబో ఒకటి తయారు చేసి దానికి బ్యాండికూట్ అని పేరు పెట్టారు, పేపర్లో చూసే ఉంటారు. మనిషి దిగకుండా అది దిగుతుంది. ఎన్ని చోట్లకు తిరిగినా ఆ మాటను నేల కింది పని మాత్రం వదలలేదు.

హన్మకొండ సారు:
అందరికీ ధన్యవాదాలు. ఇవ్వాళ క్లాసులో 40 నిమిషాలు ఇదే చెప్పాను, సిలబస్ ఒక్క ముక్క ముందుకు పోలేదు. దేవులాడుడు అనగానే వెనక బెంచీలు కూడా లేచి కూర్చున్నాయి. గాదె అంటే ఏంటో సగం మందికి తెలియదు, బోర్డు మీద బొమ్మ గీయాల్సి వచ్చింది, నా బొమ్మ చూసి అది నీళ్ల ట్యాంకు అనుకున్నారు.

పిల్ల సంగతి. మొన్న పొద్దున మొక్కల దగ్గర కూర్చుని మానేరు ఒడ్డు గారు చెప్పినట్టే చెయ్యి పెట్టి అయిదు గడ్డలు తీసిందట, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి వేపుడు చేసుకుంది, ఫోటో పంపింది. మట్టి కప్పి, అదిమి, నీళ్లు కూడా పోసింది. ఆ పెద్దామె నిన్న తిరిగి వచ్చింది. పిల్ల తను తీసిన చోటు చూపిస్తే, నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు అని మెచ్చుకుందట. అయితే పెరట్లో గడ్డి మీద ఇరవై దాకా చిన్న చిన్న గుంటలు ఉన్నాయి, గరాటు ఆకారంలో, పైన వెడల్పు, కింద సన్నగా. పిల్ల భయపడి అవి నేను చేసినవి కావు అని ముందే చెప్పుకుంది. పెద్దామె నవ్వి, నువ్వు కాదులే, అవి అసలు బ్యాండికూట్ చేసినవి, రాత్రిపూట పురుగుల కోసం వస్తుంది అందట. ఈ రాత్రి ఇద్దరూ లైటు ఆర్పేసి కిటికీ దగ్గర కూర్చుంటారట దాన్ని చూడటానికి.

చీటీ దాచిపెట్టమని చెప్పాను. వచ్చే ఏడాది పిల్లలకు చూపించాలి.

పాకాల నీళ్లు:
సంతోషం సార్. కానీ నేను పైన రాసిన నూకల మందు లెక్క కూడా మీరు ఆ పిల్లకు యథాతథంగా పంపలేదు కదా? పంపి ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పండి, అక్కడ బ్యాండికూట్ మీద చెయ్యి వేస్తే కేసు.